ఎండుచేపల పులుసు
(హౌరాలో జరిగిన మన సంఘం వార్షికోత్సవంలో చేసిన ప్రసంగం)

నేను ఇంటర్ చదివి సిపాయిగా చేరి, సుబేదారుగా రిటైరైనవాణ్ణి. డాక్టర్ని కాదు. తప్పులుంటే సర్దుకోండి.

1999 అక్టోబరు 29న ఒరిస్సాలో సూపర్ సైక్లోన్ వచ్చింది. దాదాపు 10 వేల మంది పోయారు. అప్పుడు నేను హవల్దారుని. మా కాలమ్‌ని జగత్‌సింగ్‌పూర్ జిల్లా ఎరసమ వైపు పంపారు. పొలాల నిండా నీళ్ళు, ఆ నీళ్ళలో మనుషులూ పశువులూ కలిసిపోయి ఉన్నారు. ముక్కుకి గుడ్డ కట్టుకుని మోశాం, కాల్చాం. సాయంత్రం రమ్ పోసి "భూల్ జావో" అన్నారు. మరిచిపోయాననే అనుకున్నాను.

సెలవు మీద ఇంటికెళ్తే మా ఆవిడ నాకిష్టమని ఎండుచేపల పులుసు పెట్టింది. ఆ వాసనకి కంచం విసిరికొట్టాను. పిల్లలు బెదిరిపోయారు. తాగొచ్చాడని మా అత్తగారు అన్నారు. ఆ రోజు నేను చుక్క కూడా ముట్టలేదు. అసలు సంగతి మా ఆవిడకి చెప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది.

ఇది కొత్త జబ్బేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు. వియత్నాం యుద్ధం తర్వాత 1980లో అమెరికా మానసిక వైద్యులు దీన్ని పీటీఎస్‌డీ అని తమ పుస్తకంలో చేర్చారు. మన కలకత్తాకీ ఇందులో కొంత చరిత్ర ఉంది. 1922లో గిరీంద్రశేఖర్ బోస్ గారు ఇక్కడ మనోవిశ్లేషణ సంఘం పెట్టారు. అందులో సభ్యుడైన క్లాడ్ డాలీ బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ ఆఫీసరు. యుద్ధకాలంలో మనసు దెబ్బతిని చికిత్సకి వెళ్ళినవాడు, తర్వాత ఆ విద్యే పట్టుకున్నాడు. ఫ్రాయిడ్ దగ్గరికీ వెళ్ళాడు. మన విప్లవకారుల మీద ఆయన రాసినవి నాకు మింగుడుపడవు, అది వేరే సంగతి.

2023 జూన్ 2న మన షాలిమార్ నుంచే బయల్దేరిన కోరమండల్ ఎక్స్‌ప్రెస్ బహనగా బజార్ దగ్గర ప్రమాదానికి గురైంది. మనవాళ్ళు ఊరికి వెళ్ళే బండి. 290 మందికి పైగా చనిపోయారు. అక్కడ పనిచేసిన ఒక జవానుకి నీళ్ళు చూస్తే రక్తంలా కనబడుతోందని, ఇంకొకరికి ఆకలే పోయిందని ఎన్‌డీఆర్‌ఎఫ్ డైరెక్టర్ జనరల్ అతుల్ కర్వాల్ గారే బహిరంగంగా చెప్పారు. కౌన్సెలింగ్ కూడా పెట్టించారు. అంత పెద్ద ఆఫీసరు ఆ మాట అనడం నా సర్వీసులో నేను వినలేదు.

ఆ రోజుల్లోనే సహాయ పనులకి వెళ్ళొచ్చిన మన శ్రీకాకుళం కుర్రాడొకడు మా ఇంటికి వచ్చాడు. ఫోను మోగితే చాలు, లేచి బయటికి పోతున్నాడు. ఏమని అడగలేదు. నా ఎండుచేపల పులుసు కథ చెప్పాను. కాసేపాగి, "మామయ్యా, చనిపోయినవాళ్ళ జేబుల్లో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఎత్తితే ఏం చెప్పాలి?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. అన్నం పెట్టి పడుకోబెట్టాను. బలవంతంగా అంతా చెప్పించెయ్యకూడదని, ముందు నిద్ర, తిండి, తోడు చూడాలని ఇప్పుడు నిపుణులూ అంటున్నారు. నెలైనా తగ్గకపోతే చదువుకున్నవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళాలి. నేను వాణ్ణి తీసుకెళ్ళాను. రిక్షాలో "పిచ్చి అంటారేమో మామయ్యా" అంటే, "ముందు నన్నని, తర్వాత నిన్నంటార్లే" అన్నాను.

టెలి మానస్ నంబరు 14416 రాసుకోండి. తెలుగులోనూ మాట్లాడొచ్చు. 2023 డిసెంబరు 1న సైనికుల కోసం పుణె ఏఎఫ్‌ఎంసీలో దాని ప్రత్యేక విభాగం కూడా మొదలైంది. ఇక డిగ్రీ ఉండి పెన్షన్‌కి వస్తున్న తమ్ముళ్ళకి ఒక మాట. అందరూ సెక్యూరిటీ ఉద్యోగాలకే పోకండి. ఒకరిద్దరైనా సైకాలజీ చదవండి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచెయ్యాలంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ కావాలి, కష్టపడాలి. కానీ ఫైరింజన్ మీద వెళ్ళేవాడికీ, పోలీసుకీ మీరు ఎదురుగా కూర్చుంటే సగం విషయం వివరించనక్కర్లేదు. నాకు వయసూ చదువూ చాలవు.

ఆ కుర్రాడు ఇప్పుడు డ్యూటీలోనే ఉన్నాడు. ఫోను మాత్రం ఇంకా వైబ్రేషన్‌లోనే పెడతాడు. మా ఆవిడ పులుసు చేసిన రోజు నేనూ కిటికీలు తెరిచే కూర్చుంటాను.