అరికమేడు: దిబ్బను చదవడం ఎలా?



పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా సుమారు 4 కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం నది ఒడ్డున అరికమేడు ఉంది. తమిళంలో ‘మేడు’ అంటే మనం మిట్ట అనేదే. కోటలాంటిదేదో ఉంటుందనుకుని వెళితే నిరాశ తప్పదు. తోపులూ, 18వ శతాబ్దపు ఫ్రెంచి మిషన్ భవనం మొండి గోడలూ కనిపిస్తాయి, అంతే.

ఓరుగల్లు మట్టికోట మీలో కొందరు చూసి ఉంటారు. కాకతీయులు రక్షణ కోసం కావాలని మట్టి పోయించిన గట్టు అది. అరికమేడును అలా ఎవరూ పోయలేదు. తరతరాలు ఒకేచోట కాపురముంటే కూలిన గోడ, పగిలిన కుండ, పొయ్యి బూడిద పేరుకుని నేల లేస్తుంది. అడుగు పొర పాతది, పై పొర కొత్తది. మధ్యలో ఎవరైనా గొయ్యి తవ్వి ఉంటే ఈ వరుస చెడుతుంది. తవ్వేవారు మొదట కనిపెట్టవలసింది అదే.

1945లో మార్టిమర్ వీలర్ ఇక్కడ పొరలవారీగా తవ్వించారు. ఇటలీలో తయారైన ‘అరెటైన్’ ఎర్ర పాత్రల ముక్కలు దొరికాయి. అవి క్రీ.శ. 1వ శతాబ్దం తొలి సగానివని రోమన్ చరిత్రను బట్టి తెలుసు. వాటితోపాటు మన దేశపు పళ్ళేలూ దొరికాయి. లోపలి అడుగున చుక్కల వలయాలుండే వీటిని ‘రూలెటెడ్’ పాత్రలంటారు. కాలం తెలియని పళ్ళేనికి కాలం తెలిసిన పెంకు సాక్ష్యం చెప్పింది! అలాంటి పళ్ళేలే అమరావతిలోనూ, శ్రీకాకుళం జిల్లా శాలిహుండంలోనూ దొరికాయి. పుదుచ్చేరి పక్కనున్న మట్టిపొర తెలుగునేలకు కూడా కొలబద్ద అయిందన్నమాట. తరువాత 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం మళ్ళీ తవ్వి, రోమన్ సరుకు రాకముందే ఇక్కడ ఊరు ఉందని చూపింది. కొలబద్దనే సరిచేసుకోవలసి వచ్చింది. సైన్సులో ఇది మామూలే.

ఇక బాధ కలిగించే సంగతి. వీలర్ వచ్చేనాటికే చాలా గోడలకు ఇటుకలు లేవు. వాటికోసం జనం ఎప్పుడో పునాదులదాకా తవ్వుకుపోయారు. అమరావతి ‘దీపాలదిన్నె’కూ 18వ శతాబ్దం చివర ఇదే గతి పట్టింది. ఇక్కడ నది కూడా ఒడ్డును కోస్తూ వచ్చింది.

నేడు ఈ స్థలం కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత స్థలం హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త కట్టడాలు నిషేధం. ఆ తరువాతి 200 మీటర్లలో అనుమతి కావాలి. పక్కన సొంత భూమి ఉన్నవారికి ఇది ఇబ్బందే, వారి మాట కొట్టిపారేయలేం. అయితే కూలిన గుడినైనా రాళ్ళు పేర్చి నిలబెట్టవచ్చు గాని, చెదిరిన మట్టిపొరను తిరిగి పేర్చలేం.

అరికమేడులో ఒకప్పుడు గాజుపూసలు విరివిగా తయారయ్యేవి. వాన వెలిశాక మీకూ ఒక పూస కనిపించవచ్చు. జేబులో వేసుకోకండి. ఏ చోట పడి ఉందో తెలిస్తేనే పరిశోధకులకు దానితో పని. పూసలు దగ్గరగా చూడాలని ఉంటే పట్టణంలోని పుదుచ్చేరి మ్యూజియంలో ఉన్నాయి. ముందు అక్కడికి వెళ్ళి, తరువాత దిబ్బకు వెళ్ళండి.