మొండికేసిన బోల్టు

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాల్వ కింద దమ్ము చేసే ట్రాక్టర్లకు బురద తప్పదు. తీరా గేరు ఆయిలు మార్చబోతే అడుగు బోల్టు కదలదు. బురద తడికి పట్టే తుప్పు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే బోల్టు త్రెడ్లలో బిగుసుకుంటుంది.

ముందు ఆయిలు పోసే పైబోల్టు విప్పి చూడండి. అది రాకముందే కిందినుంచి ఆయిలు వంపేస్తే, మళ్లీ పోసే దారి ఉండదు, బండి కదలదు! ఆ తర్వాత అడుగు బోల్టు చుట్టూ బురద గీకి, తుప్పు వదిలించే స్ప్రే కొట్టి, రాత్రంతా నాననివ్వండి. పొద్దున బోల్టు తలమీద సుత్తితో మెల్లగా నాలుగు దెబ్బలు వేసి, సరైన సైజు రింగు పానా పట్టండి. వెంట్రుకవాసి బిగించి, ఆ తర్వాత ఎడమకు తిప్పండి. కిర్రుమన్నదంటే లొంగినట్టే. బిగించేటప్పుడు కొత్త వాషరు మరవకండి.