బోరు బండి రాకముందే



మన మాధవరంలోగాని, ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల ఏ ఊళ్లోగాని వాన ముఖం చాటేస్తే అందరి చూపూ బోరు మీదికే పోతుంది. పక్కచేనాయన రెండు వందల అడుగులు వేయిస్తే మనం మూడు వందలు వేయిస్తాము. మన నేల అడుగున ఉన్నది గట్టిరాయి. నీరు ఆ రాతి పగుళ్లలో నిలుస్తుంది. ఒకే పగులు నుంచి ఇద్దరు తోడితే రెండు బోర్లూ ఎండవచ్చు. అప్పు మాత్రం ఇద్దరికీ మిగులుతుంది.

ఇందుకనే 2002లో నీరు, భూమి, చెట్ల రక్షణకు ‘వాల్టా’ చట్టం వచ్చింది. ఊరి తాగునీటి బావికి 250 మీటర్ల లోపల అనుమతి లేనిదే సేద్యానికి కొత్త బావి తవ్వరాదని అది చెబుతున్నది. ఈ సంగతి తగాదా వచ్చాక తెలుసుకుని ఏమి లాభం?

కనుక వానలు తగ్గాక, యాసంగికి విత్తనం కొనకముందే ఒక సాయంత్రం రచ్చకట్ట దగ్గర కూర్చోండి. చట్టం తెలిసిన ఉద్యోగిని పిలిచి తెలుగులో చెప్పించుకోండి. బిందె మోసే ఆడవారిని మొదట మాట్లాడనివ్వండి. ఏ పంపు ఎప్పుడు ఎండేదీ వారికి తెలిసినట్లు మనకు తెలియదు. బోర్లలో నీటిమట్టం కొలిచి పంచాయతీ గోడమీద రాయండి. ఆ లెక్క చూసి వరి వేయాలో, వేరుశనగ వేయాలో తేల్చుకోండి. 2003 తర్వాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, కర్నూలుతో సహా ఏడు జిల్లాల్లో, రైతులే ఇలా నీళ్లు కొలిచి పంటల లెక్క వేసుకున్నారు. వారు చేసిన పని మనకు చేతకాదా?

బోరు బండి ఊళ్లోకి రాకముందే ఈ నాలుగు మాటలూ అనుకోండి.