మేజర్ పద్మపాణి ఆచార్య
(కొంతం చౌకు ఉగాది సభలో చేసిన ప్రసంగం)



ఈ పండుగపూట ఒక సైనికుణ్ణి తలచుకుందాము. మేజర్ పద్మపాణి ఆచార్య ఒరియా కుటుంబమువాడు. 1968లో హైదరాబాదున పుట్టాడు. రాజ్‌పుతానా రైఫిల్స్ రెండవ పటాలములో పనిచేశాడు. ఆయన ఏ ప్రాంతమువాడు? ఇంట తెలుగు, వీధిలో మరాఠీ మాట్లాడుతూ షోలాపూరులో మగ్గాలు నడుపుకొన్న మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు గదా!

1999 జూన్ 28 రాత్రి, కార్గిల్ యుద్ధములో, ద్రాస్ కొండలపై శత్రువుల బంకర్లను పట్టే పని ఆయన కంపెనీకి వచ్చింది. దారి నిండా మందుపాతరలు, ఎదుట మరతుపాకులు. గాయపడి కదలలేని స్థితిలో, తన్ను విడిచి ముందుకు సాగమని జవానులను ఆజ్ఞాపించాడు. స్థావరం చిక్కింది, ఆయన దక్కలేదు. 31 ఏళ్లు నిండి వారమే అయింది. ఆ పోరులోనే నాగాలాండు బిడ్డ కెప్టెన్ కెంగురూసే కూడా ఒరిగాడు. ఇద్దరికీ మహావీర చక్రమిచ్చారు.

2003లో వచ్చిన హిందీ సినిమాలో మన నాగార్జున ఆచార్య వేషం కట్టాడు. కుర్రవాళ్లకు అది గుర్తు. నాకు మాత్రం ఆయన ఉత్తరమే గుర్తు. యుద్ధభూమినుండి తండ్రికి వ్రాస్తూ, గర్భవతియైన తన భార్యకు రోజుకొక భారత కథ చెప్పమన్నాడు, పుట్టబోయే బిడ్డకు మంచి అబ్బుతుందని. అభిమన్యుని కథ మనమంతా విన్నదే.

కొన్ని నెలలకు ఆడపిల్ల పుట్టింది.