కనుగొన్నది సరే, ఉపయోగమేమి?



కొత్త ప్రోటీను ఒకటి కనుగొన్నవారికి దానిపై పేటెంటు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అనే సంగతి ఈ రోజు చెప్పుకుందాం. ‘మాకెందుకండీ ఈ గొడవ’ అంటారేమో! మీ పత్తిచేలోని బి.టి. కూడా ఒక ప్రోటీనే గదా.

పేటెంటు అనగా, కొత్తగా కనిపెట్టిన దానిని దాచక లోకానికి వెల్లడించినందుకు ప్రభుత్వం ఇచ్చే హక్కు. మన దేశంలో దరఖాస్తు పెట్టిన నాటి నుండి 20 సంవత్సరాలు ఉంటుంది. ఆ గడువులో వారి అనుమతి లేనిదే ఇతరులు దానిని తయారుచేయరాదు, అమ్మరాదు. ఇంత హక్కు ఇచ్చే ముందు ‘దీనివల్ల ఉపయోగమేమి?’ అని అడగటం న్యాయమే.

అమెరికా పేటెంటు కార్యాలయంవారు 2001 జనవరిలో ఇందుకు మూడు గీటురాళ్లు పెట్టారు. ఒకటి, చెప్పిన ఉపయోగం ఆ వస్తువుకే ప్రత్యేకమైనది కావలెను. రెండు, అది నిజంగా అక్కరకు వచ్చేది కావలెను. మూడు, శాస్త్రం తెలిసినవారు నమ్మదగినది కావలెను. ‘మా ప్రోటీనును పశువుల దాణాలో కలుపుకోవచ్చు’ అంటే చాలదు. ఆ పనికి వేరుశనగ చెక్క లేదా?

మొక్కజొన్న సంగతి చూడండి. మాన్‌శాంటో కంపెనీవారు మొక్కజొన్న ఆకునుండి తీసిన అయిదు జన్యు తునకలకు అమెరికాలో పేటెంటు కోరారు. వాటినుండి పుట్టే ప్రోటీను మొక్కలో ఏ పని చేస్తుందో దరఖాస్తునాటికి వారికే తెలియదు. జన్యువులను వెదకటానికి గుర్తులుగా పనికివస్తాయని, ఇంకా అటువంటివే మరికొన్ని, మొత్తం ఏడు ఉపయోగాలు చెప్పారు. అవి ముందు ముందు పరిశోధనకు సాధనాలే గాని చేతికందిన ప్రయోజనం కాదని 2005 సెప్టెంబరులో అప్పీలు కోర్టు తేల్చింది. దున్నని బీడుకు కంచె వేయనిస్తే, తరువాత వచ్చి దున్నేవాడి గతి ఏమిటి?

బి.టి. కథ వేరు. ఆ సూక్ష్మజీవిని 1901లో జపానులో జబ్బుపడిన పట్టుపురుగులలోను, 1911లో జర్మనీలో పిండిపురుగులోను కనుగొన్నారు. దానిలోని ప్రోటీను పురుగు కడుపులో కరిగి, పేగుగోడకు అంటుకొని బెజ్జాలు చేస్తుంది. పురుగు తిండి మాని చస్తుంది. ఏ పురుగును, ఎంత మోతాదులో, ఏ విధంగా చంపుతుందో ప్రయోగం చేసి చూపవచ్చు. ఉపయోగం రుజువు చేయటమంటే ఇదీ.

మన 1970 పేటెంటు చట్టం కూడా పరిశ్రమలో తయారీకో వాడుకకో పనికిరావలెనంటుంది. ప్రకృతిలో ఉన్నదానిని ఊరక కనుగొన్నంత మాత్రాన పేటెంటు ఇవ్వదు. మొక్కలకు, విత్తనాలకు కూడా ఇవ్వదు. పంట రకాలకు 2001లో వేరే చట్టం వచ్చింది. దాని ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండు పేరుతో మాత్రం అమ్మరాదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. పేటెంటు కార్యాలయం ఉపయోగాన్ని చూస్తుందిగాని మీ చేలో దిగుబడికి పూచీ పడదు. బి.టి. పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. 2010 నాటికే గుజరాత్‌లో గులాబిరంగు పురుగు మొదటిరకం బి.టి.ని తట్టుకున్నది. కాగితం చూచి పురుగు ఆగదు గదా!

కనుక ‘ఇది పేటెంటు మందండీ’ అని ఎవరైనా అంటే మీరూ అడగండి: ఏ పంటకు? ఏ పురుగుకు? ఎంత మోతాదు? ఎక్కడ పరీక్షించారు? జవాబు సరిగా వస్తే ముందు కొద్ది సెంట్లలో వేసి, పక్కనే మందు వేయని మడి ఉంచి, రెంటినీ పోల్చుకోండి. గ్రామసేవకులు ఆ లెక్క రాసి ఉంచితే ఊరందరికీ ఉపకారం.