కర్ర పొడవు ఎక్కడి నుంచి ఎక్కడికి?

2021లో కియావా ఐలాండ్‌లో పీజీఏ చాంపియన్‌షిప్ గెలిచేనాటికి గోల్ఫ్ ఆటగాడు ఫిల్ మికెల్సన్‌కు 50 ఏళ్లు. ఆయన వాడిన డ్రైవర్ (బంతిని దూరం కొట్టే క్లబ్) పొడవు 47.9 అంగుళాలు. నిబంధనల గరిష్ఠ పరిమితి 48. మరుసటి ఏడాది జనవరి నుంచి పీజీఏ టూర్ పోటీల్లో దాన్ని 46కు తగ్గించారు.

ఇలా అంగుళంలో పదో వంతు కూడా లెక్కకొచ్చే చోట, టేపు ఎక్కడ ఆనించాలన్నది ముందు తేలాలి. చొక్కా పొడవు కాలర్ దగ్గర నుంచా, భుజం మీది నుంచా అని దర్జీ అడిగినట్టే. క్లబ్ హెడ్ అడుగు భాగం, అంటే సోల్, వంపు తిరిగి ఉంటుంది. ఒకరు మడమ దగ్గర పట్టి కొలుస్తారు, ఇంకొకరు క్లబ్‌ను నేల మీద నిలబెట్టి వెనక స్కేలు పెడతారు. అదే క్లబ్‌కు రెండు పొడవులొస్తాయి.

గోల్ఫ్ నిబంధనలు రాసే ఆర్‌అండ్‌ఏ, యూఎస్‌జీఏ సంస్థల పద్ధతి చక్కనిది. క్లబ్‌ను సమతలమైన బల్ల మీద పడుకోబెట్టి, 60 డిగ్రీల వాలున్న పలకకు సోల్‌ను ఆనిస్తారు. బల్లా పలకా కలిసే చోటు నుంచి గ్రిప్ (చేతిపట్టు) పైకొస దాకా ఉన్నదే పొడవు. హెడ్ ఆకారం ఎలా ఉన్నా పలక వాలు మారదు కాబట్టి ఎవరు కొలిచినా ఒకే అంకె రావాలి. 18 అంగుళాలకు తక్కువ ఉండకూడదు. 48 దాటకూడదన్న నియమం మాత్రం బంతిని గుంతలోకి దొర్లించే పట్టర్‌కు వర్తించదు.

అసలు చిక్కు పైకొస దగ్గరుంది. గ్రిప్ చివరి రబ్బరు మూత మందం సుమారు అంగుళంలో ఎనిమిదో వంతు. ఐరన్ రకం క్లబ్బుల్లో వరస నంబర్ల మధ్య సాధారణంగా అరంగుళం తేడా ఉంచుతారు. 5 ఐరన్‌ను మూతతో కలిపి 38 అంగుళాలకు, 6 ఐరన్‌ను షాఫ్ట్ (కాడ) కొస దాకానే 37.5కు కోశారనుకోండి. గ్రిప్ ఎక్కాక రెండోది 37.625 అవుతుంది, వాటి మధ్య తేడా 0.375కు పడిపోతుంది. అరంగుళం మారితే స్వింగ్‌వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా తోస్తుందో చెప్పే కొలత) దాదాపు మూడు పాయింట్లు మారుతుంది. సెట్‌లో వరస తప్పిన క్లబ్ ఆటగాడి చేతికి తెలిసిపోతుంది.

2020 యూఎస్ ఓపెన్ విజేత బ్రైసన్ డిషాంబో ఐరన్లన్నీ 37.5 అంగుళాలే. అలాంటి సెట్ కట్టేవారికైతే ఒకే కొలత పద్ధతి ప్రాణం.

అందుకే హెడ్‌ను జిగురు లేకుండా బిగించి, మూత మందం తీసేసి గుర్తు పెట్టి, ఆ తర్వాతే షాఫ్ట్ కోయాలి. గ్రిప్ ఎక్కించాక మళ్లీ కొలవాలి. పాత సెట్‌లో ఒక్క క్లబ్ మార్చేటప్పుడు మాత్రం కేటలాగ్ అంకె నమ్మకండి. పక్క క్లబ్‌ను అదే బల్ల మీద, అదే పలకకు ఆనించి కొలిచి, దానికి సరిపోయేలా కొత్తది కోయండి.