గుమాస్తా సమాధిలో దొరికిన సామ్రాజ్యం



చరిత్ర పాఠాలు చెప్పుకుని బతికినవాణ్ణి. స్నాతకోత్సవానికి పిలిచినా పాఠమే చెబుతాను, ఓర్చుకోండి. పరీక్ష మాత్రం పెట్టను.

క్రీ.పూ. 209. మనవైపు అశోకుడు పోయి ఇరవై ఏళ్లు దాటింది. చైనాలో 900 మందిని సరిహద్దు కాపలాకి తోలుకుపోతున్నారు. దారిలో వానలు పట్టుకున్నాయి. చేరాల్సిన గడువు దాటిపోయింది. ఆలస్యానికి శిక్ష మరణమని, వెళ్లినా చావే, తిరగబడినా చావేనని చెన్ షెంగ్, వూ గ్వాంగ్ అనే ఇద్దరు మిగతావాళ్లకు నచ్చజెప్పారు. అలా మొదలైంది తిరుగుబాటు. చెన్ షెంగ్ కొన్ని నెలలకే హతమయ్యాడు గానీ మంట ఆరలేదు. క్రీ.పూ. 221లో ఆరు రాజ్యాలను మింగి దేశాన్ని ఏకం చేసిన చిన్ వంశం, నిండా పదిహేనేళ్లు గడిచేసరికి లేదు. దాని స్థానంలో వచ్చిన హాన్ వంశం మధ్యలో ఒక్కసారి తెగినా, క్రీ.శ. 220 దాకా నిలిచింది.

క్రూరమైన చట్టం చిన్ వంశాన్ని కూల్చిందని ఈ కథ ఆధారంగానే తరతరాలుగా చెబుతున్నారు. కథ రాసినవాడు సీమా చియెన్. సుమారు వందేళ్ల తర్వాత, హాన్ కొలువులో ఉండి రాశాడు. ఓడిపోయిన సేనాని ఒకరి తరఫున నోరు విప్పినందుకు హాన్ చక్రవర్తి వూ అతనికి వృషణాలు కోయించే శిక్ష వేశాడు. కాబట్టి చట్టం ఎంత కోయగలదో అతనికి పుస్తకాలు చూసి తెలుసుకోవాల్సిన పని లేదు. కాకపోతే ఆ కోత కోసింది చిన్ కాదు.

ఇప్పుడు 1975కి రండి. హూబే రాష్ట్రం యున్‌మెంగ్ దగ్గర ష్వేహుదీ అనే చోట కాలువ తవ్వుతుంటే పాత సమాధులు బయటపడ్డాయి. ఒకదానిలో షీ అనే చిన్న ఉద్యోగి ఉన్నాడు. చిన్ కాలపు గుమాస్తా, క్రీ.పూ. 217 ప్రాంతంలో చనిపోయాడు. అతని దేహం చుట్టూ పేర్చినవి నగలు కావు, 1,100కి పైగా వెదురు బద్దలు. మనకు తాటాకు ఎలాగో వాళ్లకు వెదురు అలాగ. వాటినిండా చట్టాలు, విచారణ పద్ధతులు, ధాన్యపు కొట్ల నిబంధనలు. పరలోకానికి ఆఫీసు ఫైళ్లు పట్టుకుపోయిన మనిషిని చూసి నవ్వొస్తుంది, గౌరవమూ కలుగుతుంది.

ఆ బద్దల్లో ఆలస్యం గురించీ ఉంది. వెట్టి పనికి పిలిచినవాళ్లు మూడు నుంచి ఐదు రోజులు ఆలస్యమైతే మందలింపు. ఆరు నుంచి పది రోజులైతే ఒక డాలు విలువ జరిమానా. పది దాటితే ఒక కవచం. వాన పడితే ఆ పిలుపే రద్దు. తల తీసే ఊసే లేదు! ఇది వెట్టి పనుల చట్టం, సైనికులకు వేరే నియమం ఉండవచ్చని వాదించే పండితులున్నారు. ఆ వాదనను తోసిపుచ్చలేం. కానీ సీమా చియెన్ రాసిన అదే అధ్యాయంలో ఇంకో ముచ్చట ఉంది. చెన్ షెంగ్ రాజవుతాడని పట్టుగుడ్డ మీద రాసి, చేప కడుపులో దాచి, సైనికులకు దొరికేలా చేశారట. చేప కడుపులో రాజ్యాన్ని దాచగలిగినవాళ్లకు చట్టాన్ని కాస్త పెంచి చెప్పడం కష్టమా? నా అనుమానం అటే మొగ్గుతుంది.

అలాగని చిన్ చట్టం మెత్తనిదని చెప్పను. దొంగతనానికి ముఖాన పచ్చబొట్టు పొడిచి కోట గోడల పనికి తోలడం కూడా ఆ బద్దల్లోనే ఉంది. కొట్టకుండా నిజం రాబట్టినవాడే మంచి విచారణాధికారి అన్న సూచన కూడా అక్కడే ఉంది.

సీమా చియెన్‌ని కొట్టిపారేస్తే అదో పొరపాటు. అతనికి వెయ్యేళ్లు ముందున్న షాంగ్ రాజుల వరసను కూడా రాశాడు. అదంతా కట్టుకథ అన్నవాళ్లు లేకపోలేదు. 1899 నుంచి వెలుగులోకి వచ్చిన జోస్యపు ఎముకల మీది రాతలను వాంగ్ గోవే అనే పండితుడు 1917లో ఆ వరసతో పోల్చి చూస్తే, ఒకటి రెండు తేడాలు తప్ప సరిపోయింది. వెయ్యేళ్ల నాటి రాజుల పేర్లు సరిగ్గా అందించినవాడు, వందేళ్ల నాటి శిక్ష విషయంలో అనుమానాలు మిగిల్చాడు. పేర్ల పట్టికను మార్చి చెబితే ఎవరికీ లాభం లేదు, పడిపోయిన వంశం చెడ్డతనాన్ని పెంచి చెబితే మాత్రం నిలబడ్డ వంశానికి లాభమే.

ఆ నిలబడ్డ వంశం చేసిందేమిటో చూడండి. హాన్ వంశాన్ని స్థాపించిన ల్యూ బాంగ్ సేన చిన్ రాజధాని షియెన్యాంగ్‌లోకి చొరబడగానే సేనానులంతా బంగారం, పట్టు ఉన్న గదులకు పరుగెత్తారు. ఒకప్పుడు జిల్లా గుమాస్తాగా చేసిన షియావ్ హ మాత్రం నేరుగా దస్తావేజుల గదికి వెళ్లి చట్టాలు, పటాలు, జనాభా పట్టీలు మూటగట్టాడు. ఏ కనుమ ఎక్కడుందో, ఏ ప్రాంతంలో ఎన్ని ఇళ్లున్నాయో ఆ తర్వాతి యుద్ధంలో ల్యూ బాంగ్‌కు తెలిసింది అందువల్లే. మూడంటే మూడే చట్టాలు చాలని ప్రజలకు మాటిచ్చిన హాన్ ప్రభుత్వం, కొద్ది కాలానికే చిన్ చట్టాన్ని దుమ్ము దులిపి వాడుకుంది. 1980లలో ఝాంగ్‌జియాషాన్‌లో దొరికిన క్రీ.పూ. 186 నాటి హాన్ చట్టాలను షీ బద్దల పక్కన పెట్టి చదివితే పోలికలు ఇట్టే కనిపిస్తాయి. నాలుగు వందల ఏళ్లు చిన్‌ని తిడుతూ, చిన్ కట్టిన ఇంట్లోనే కాపురం చేశారన్నమాట.

మీలో చాలామంది రేపు సచివాలయాల్లో, బ్యాంకుల్లో, కోర్టుల్లో ఆ షీ కూర్చున్నలాంటి కుర్చీల్లోనే కూర్చుంటారు. అతని సమాధిలో ఏటేటి విశేషాల చిట్టా కూడా ఉంది. యుద్ధాలు, తన పుట్టుక, తండ్రి మరణం, ఉద్యోగాలు, పిల్లలు అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. చైనా ఏకమైన సంవత్సరం ఎదుట మాత్రం ఏమీ రాయలేదు. ఆ మరుసటి ఏడాది ఎదుట బిడ్డ పుట్టిన నెల, రోజు, వేళ ఉన్నాయి.

చరిత్ర శాఖ విద్యార్థులకు విడిగా ఓ మాట. 2002లో హూనాన్‌లోని లియె అనే ఊళ్లో, పాత బావిలో, ఒక చిన్న జిల్లా కచేరీ కాగితాలు 36 వేలకు పైగా పలకల మీద దొరికాయి. బాకీలు, ఖైదీల పనులు, తపాలా చేరిన వేళలు, ఎక్కాల పట్టిక కూడా! వాటిని నేరుగా చదవగలిగినవాళ్లు తెలుగు నేల మీద వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది కూడా ఉన్నట్టు నాకు కనిపించలేదు. ప్రాచీన చైనీస్ నేర్చుకోవడానికి నాలుగైదేళ్లు పడుతుంది. మీ వయసు ఇరవై రెండు.

రిజిస్ట్రారు గారు గడియారం చూసుకుంటున్నారు. అందరికీ అభినందనలు.